ఇంట్లో ఆవిరి బట్టీ: ఆకుల నుంచి సుగంధ తైలం తీసే పరికరం కట్టుకోవడం ఎలా

ఆకుల్లో, పూలలో, వేళ్ళలో దాగిన వాసనను నూనెగా బయటికి తీయడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే స్టీలు పాత్ర, నాలుగు మీటర్ల రాగి గొట్టం, ఒక బకెట్, ఒక గాజు సీసా ఉంటే పని మొదలుపెట్టొచ్చు. అయితే నూనె రావడం వేరు, మంచి నూనె రావడం వేరు. మాడు వాసన లేకుండా, ఉడికిన ఆకు కంపు లేకుండా తైలం దిగాలంటే మూడు విషయాలు చూసుకోవాలి: ఆవిరి ఏ దారిన పోతోంది, ఎంత వేగంగా పోతోంది, ఎక్కడ చల్లబడుతోంది. పాత్ర ఎంత ఖరీదైనదన్నది వీటి తర్వాతే.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేది సుగంధ తైలం, పూల నీరు తీసే బట్టీ గురించి మాత్రమే. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తీయడం చాలా దేశాల్లో నేరం. కొన్నిచోట్ల మద్యం ఊసే లేకపోయినా బట్టీ పెట్టుకోవడానికి అనుమతి అడుగుతారు. మీరుండే చోట నిబంధన ఏమిటో తెలుసుకున్నాకే సామాను కొనండి.

పాత్ర లోపల ఏం జరుగుతుంది

ఇది అర్థమైతే మిగతా పని సగం సులువవుతుంది. సుగంధ తైలాల్లోని పదార్థాలు విడిగా మరగాలంటే చాలావాటికి 150 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. అంత వేడికి వాటిలో కొన్ని పాడైపోతాయి. కానీ నూనె, నీళ్ళు ఒకదానిలో ఒకటి కరగవు కాబట్టి, రెండూ ఒకేచోట వేడెక్కినప్పుడు దేని ఆవిరి పీడనం దానిదే. ఆ రెండూ కలిసి బయటి గాలి పీడనంతో సమానమైతే చాలు, మరుగు మొదలవుతుంది. అందుకే సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకు కాస్త లోపే నూనె ఆవిరి, నీటి ఆవిరితో కలిసి బయలుదేరుతుంది.

ఇక లెక్క. ఒక కిలో మరిగే నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,257 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అంటే నిజంగా నీటికి అందే వేడి 1 కిలోవాట్ అయితే గంటకు సుమారు 1.6 లీటర్ల నీళ్ళు ఆవిరవుతాయి. ఆ వేడంతా మళ్ళీ కండెన్సర్ దగ్గర, అంటే ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే గొట్టం దగ్గర, తీసేయాల్సిందే. చల్లార్చే నీరు 30 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే గంటకు 30 లీటర్ల పైచిలుకు నీరు పారాలి. పొయ్యి ఎంత పెద్దది, గొట్టం ఎంత పొడవు, బకెట్ సరిపోతుందా లేదా అన్నవన్నీ ఈ రెండు అంకెల మీదే తేలతాయి.

మరో అంకె భద్రతకు సంబంధించినది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరికి దారి మూసుకుపోతే పాత్ర పేలుతుంది. కాబట్టి పాత్ర నుంచి సీసా దాకా దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. మధ్యలో ఎక్కడా వాల్వు పెట్టొద్దు. సీసా మూతిని గొట్టం చుట్టూ బిగించొద్దు.

సామాను ఎంచుకోవడం

పాత్రకు స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. 304 రకం అయితే చాలు. రాగి కూడా బాగుంటుంది. గంధకపు కంపు ఇచ్చే పదార్థాలను రాగి కొంత పట్టేస్తుంది కాబట్టి, కొన్ని ఆకుల నూనె రాగిలో దిగితే మొదటి రోజు నుంచే వాసన శుభ్రంగా ఉంటుంది. అల్యూమినియం వద్దు. ప్లాస్టిక్ అసలే వద్దు. నిమ్మజాతి తొక్కల నూనె కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించేస్తుంది, ఆ కరిగింది మీ సీసాలోకే వస్తుంది. రబ్బరు గొట్టాలు వాసనను పీల్చుకుని తర్వాతి మొక్క నూనెలో వదులుతాయి. వాషర్ తప్పనిసరైన చోట టెఫ్లాన్ వాడండి. సిలికోన్ వేడికి తట్టుకుంటుంది కానీ వాసన పట్టుకుంటుంది. మూత అంచుకు అది పర్వాలేదు, నూనె దిగే చోట మాత్రం వద్దు. గొట్టాలు అతకాలంటే సీసం లేని టంకమే వాడాలి.

మొదటి బట్టీకి 10 లీటర్ల పాత్ర సరైన కొలత అని నా అభిప్రాయం. అంతకన్నా చిన్నదైతే నూనె కంటికి కనిపించనంత వస్తుంది, ఉత్సాహం చచ్చిపోతుంది. పెద్దదైతే చల్లార్చడం పెద్ద టెన్షన్.

ప్రెషర్ కుక్కర్‌ని బట్టీగా మార్చడం చాలామంది చేసే పని. స్టీలుదైతే చేయొచ్చు. వెయిట్ తీసేసి ఆ నాజిల్‌కు గొట్టం తగిలిస్తారు. సేఫ్టీ వాల్వు మాత్రం అలాగే ఉండాలి. ఆ నాజిల్ రంధ్రం చాలా సన్నం కాబట్టి ఒక చిన్న ఆకుముక్క అడ్డుపడినా దారి మూసుకుపోతుంది. అందుకే కుక్కర్‌ని కేవలం నీళ్ళు మరిగించడానికి వాడి, ఆకును వేరే డబ్బాలో పెట్టడం తెలివైన పని. ఆ వేరే డబ్బా సంగతి కింద వస్తుంది.

కట్టడం

1. పాత్ర, జాలీ. పాత్ర అడుగు నుంచి 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో రంధ్రాల స్టీలు పళ్ళెం కూర్చోవాలి. కాళ్ళున్న జాలీ దొరికితే సరే, లేదంటే స్టీలు రింగు మీద నిలబెట్టండి. ఆకు దాని మీద, నీళ్ళు దాని కింద. మరిగేటప్పుడు ఎగిరిపడే నీళ్ళు ఆకును తాకకుండా నీటిమట్టానికీ జాలీకీ మధ్య కనీసం మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆకు అడుగుకు తగిలితే మాడుతుంది. ఒకసారి మాడు వాసన పట్టిన నూనెను బాగుచేసే ఉపాయం లేదు.

2. మూత. మూత మధ్యలో స్టెప్ డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి స్టీలు లేదా ఇత్తడి కంప్రెషన్ ఫిట్టింగ్ (నట్టు బిగిస్తే గొట్టాన్ని పట్టేసే జాయింటు) బిగించండి. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ రంధ్రం కింద, మూత లోపలివైపు, స్టీలు జాలీ గుడ్డను వదులుగా చుట్టి అమర్చండి. ఆకు తునకలు, నురగ గొట్టంలోకి ఎక్కకుండా అది ఆపుతుంది. మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద పూసి, నాలుగైదు క్లిప్పులు పెట్టండి. పిండి ముద్ద పాతకాలపు పద్ధతే అయినా దానికో మంచి గుణం ఉంది. లోపల పీడనం పెరిగితే అన్నిటికన్నా ముందు అదే పగిలి ఆవిరిని వదిలేస్తుంది. అందువల్ల క్లిప్పులు మూతను పట్టి ఉంచేంత వరకే, బోల్టులతో బిగించొద్దు.

3. ఆవిరి గొట్టం. మూత నుంచి కాస్త పైకి లేచి, వంగి, అక్కడి నుంచి ఏకధాటిగా కిందికి వాలుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా గొట్టం జారి పల్లం ఏర్పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆవిరి ఆ నీటిని తోసుకుంటూ గుడగుడమని ఆగి ఆగి వస్తుంది. ధార సమంగా రావట్లేదంటే మొదట చూడాల్సింది ఇదే.

4. కండెన్సర్. 10 నుంచి 12 మిల్లీమీటర్ల మెత్తని రాగి గొట్టం 3 మీటర్లు తీసుకోండి. ఉత్త గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది. అందుకని ఒక చివర మూసి, సన్నటి పొడి ఉప్పు తట్టి తట్టి నింపి, రెండో చివరా మూసేయండి. తర్వాత లావుపాటి పైపు చుట్టూ మెల్లగా చుట్టండి. పనయ్యాక ఉప్పు వేడినీళ్ళలో కరిగిపోతుంది, ఇసుకలా ఇరుక్కుపోదు. ఈ చుట్టను బకెట్‌లో నిలబెట్టి, కింది చివరను బకెట్ అడుగు పక్కగా బయటికి తీయండి. ప్రతి చుట్టూ కిందికే వాలాలి, ఎక్కడా ఎదురెక్కకూడదు.

చన్నీళ్ళు బకెట్ అడుగున లోపలికి రావాలి, వేడెక్కిన నీళ్ళు పైనుంచి పొర్లిపోవాలి. వేడి నీళ్ళు పైకే చేరతాయి కాబట్టి తిరగేస్తే సగం చల్లదనం వృథా. 1 కిలోవాట్ వేడితో బట్టీ నడిస్తే, కండెన్సర్ చుట్టూ కదలకుండా ఉన్న 20 లీటర్ల బకెట్ నీళ్ళు 40 నిమిషాలు తిరగకుండానే 30 డిగ్రీలు వేడెక్కుతాయి. కాబట్టి నీటిధార గానీ, పెద్ద తొట్టిలోంచి నీళ్ళు తిప్పే చిన్న పంపు గానీ ఉండాలి. పంపు అయితే నీళ్ళు పారబోసే అవసరం ఉండదు, నేనైతే దానికే ఓటేస్తాను.

5. నూనె వేరు చేసే సీసా. మొదట్లో సన్నటి మెడ ఉన్న గాజు ఫ్లాస్కు చాలు. కండెన్సర్ నీరు అందులో నిండుతుంది, నూనె తేలి మెడలోకి చేరుతుంది, డ్రాపర్‌తో తీసుకోవచ్చు. తర్వాత ఎక్కువ ధార పట్టాల్సి వచ్చినప్పుడు అడుగున పక్కగొట్టం ఉన్న సీసా కావాలి. ఆ పక్కగొట్టం అడుగు నుంచి మొదలై, సీసా పక్కనే పైకి లేచి, సీసా మూతికి రెండు మూడు సెంటీమీటర్ల కింద బయటికి వంగాలి. అడుగునున్న నీరు ఆ గొట్టం ద్వారా తనంతట తాను పొర్లిపోతుంది, నూనె పైన మిగులుతుంది. లవంగం, దాల్చినచెక్క నూనెలు మాత్రం నీటికన్నా బరువు, అడుగుకు దిగుతాయి. వాటికి ఈ సీసా తలకిందులు వ్యవహారం: నీరు పైనుంచి పొర్లాలి, నూనె అడుగున ఆగాలి.

మొదటి మంట

కొత్త బట్టీలో ఆకు వేయకండి. ముందు ఉత్త నీళ్ళతో అరగంట నడపండి. కీళ్ళ దగ్గర చల్లని స్టీలు చెంచా పెట్టి చూడండి, తడి పట్టిందంటే అక్కడ ఆవిరి కారుతోంది. చేతితో వెతకొద్దు. ఆవిరి కాల్చిన పుండు వేడినీళ్ళ పుండుకన్నా లోతుగా ఉంటుంది. తర్వాత కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళతో మరోసారి, చివరికి మళ్ళీ మంచినీళ్ళతో ఇంకోసారి నడపండి. టంకం వేసినప్పటి జిడ్డు, గొట్టంలోని నూనె పోతాయి. ఈ మూడుసార్లు వచ్చిన నీటిని పారబోయాలి.

మంటకు ఎలక్ట్రిక్ హాట్ ప్లేట్ మేలు, పాత్ర అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేదైతే ఇండక్షన్ అయినా సరే. సుగంధ తైలాలు అంటుకునే గుణం ఉన్నవే. గ్యాసు పొయ్యి తప్పనిసరైతే నూనె సీసా దానికి దూరంగా ఉండాలి. గది కిటికీలు తెరవండి. నడుస్తున్నంతసేపూ దగ్గరే ఉండండి.

ఆకు నింపడం, నడపడం

నేర్చుకోవడానికి నిమ్మగడ్డిని మించింది లేదు. నూనె బాగానే ఇస్తుంది, పొరపాట్లకు కాస్త ఓర్చుకుంటుంది. ఒక పూట నీడలో వాడనిచ్చి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేయండి. యూకలిప్టస్ ఆకును అలాగే వేయొచ్చు. గింజలను వేసే ముందు మాత్రమే నలగ్గొట్టాలి, ముందురోజు నలిపితే వాసన గదిలోకి పోతుంది. వేళ్ళు ముక్కలు చేసి నానబెట్టాలి. గులాబీ రేకులను జాలీ మీద పెట్టొద్దు. ఆవిరి తగిలితే అవి అతుక్కుని గడ్డకడతాయి. వాటిని నేరుగా నీళ్ళలోనే వదిలి సన్నటి వేడి మీద నడపాలి. మల్లెపూలు ఈ దారికి లొంగవు. ఆవిరి వేడికి వాటి వాసన చెడుతుంది, అందుకే మల్లె సుగంధాన్ని వేరే పద్ధతుల్లో తీస్తారు.

నింపడంలోనే ఎక్కువమంది నూనె పోగొట్టుకుంటారు. ఆకును కూరితే ఆవిరి ఒకచోట తూటు పొడుచుకుని ఆ ఒక్క దారిలోనే పైకి పోతుంది. చుట్టూ ఉన్న ఆకు పచ్చిగానే మిగులుతుంది. మరీ వదులుగా వేస్తే ఆవిరి ఆకును సరిగా తాకకుండా జారుకుంటుంది. కొద్దికొద్దిగా వేస్తూ, చేత్తో సర్దుతూ, అంచుల దగ్గర ఖాళీలు లేకుండా నింపండి. పనయ్యాక పాత్ర తెరిచి ఆకు రంగు చూడండి. అన్నిచోట్లా ఒకేలా వాడిపోయి ఉంటే నింపడం కుదిరినట్టు.

నీళ్ళు ఎన్ని పోయాలో పై లెక్కే చెబుతుంది. 1 కిలోవాట్ మీద రెండు గంటలు నడిపితే 3.2 లీటర్లు ఆవిరవుతాయి. జాలీ కింద అంత నీళ్ళు పట్టకపోతే మంట తగ్గించండి, లేదా మధ్యలో ఆపి, చల్లారనిచ్చి, నీళ్ళు కలపండి. అడుగు ఎండనివ్వకూడదు.

మరుగు మొదలయ్యేదాకా మంట పెద్దది, మొదటి చుక్క పడగానే తగ్గించాలి. మొదటి పావుగంటలో వచ్చే ధారలోనే నూనె ఎక్కువ కాబట్టి అప్పుడు తొందర పనికిరాదు. సీసాలో పడే నీరు 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే చాలావాటికి బాగుంటుంది. గొట్టం చివర పొగలా ఆవిరి కనిపిస్తే వాసన గాలిలో కలిసిపోతున్నట్టే. వెంటనే మంట తగ్గించండి లేదా చన్నీళ్ళు పెంచండి. అలాగని మరీ చల్లగా కూడా వద్దు. కర్పూరం, మెంథాల్ ఎక్కువున్న మొక్కలైతే గొట్టంలోనే గడ్డకట్టి దారి మూసేస్తాయి.

ఎప్పుడు ఆపాలి? పావుగంటకో చిన్న గాజు గ్లాసు మార్చండి. పైన నూనె పొర కనిపించడం మానేశాక ఇంకో పావుగంట చూసి ఆపేయండి. నిమ్మగడ్డి, యూకలిప్టస్ ఇంటి బట్టీలో రెండు మూడు గంటల్లో అయిపోతాయి. వట్టివేరు మాత్రం చాలా మొండిది, దాని నూనె బరువైన పదార్థాలతో నిండి ఉంటుంది కాబట్టి ఒక పగలూ రాత్రీ పట్టినా ఆశ్చర్యం లేదు. అది మొదటి బట్టీతో పెట్టుకోవాల్సిన మొక్క కాదు.

ఎంత వస్తుందన్నది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. కిలో పచ్చి నిమ్మగడ్డికి మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు వస్తే బాగా వచ్చినట్టు. కిలో గులాబీ నూనెకు కొన్ని వేల కిలోల రేకులు కావాలి కాబట్టి ఇంట్లో గులాబీ నూనె మీద ఆశ పెట్టుకోకండి. గులాబీ నీరు తీయండి, అది అద్భుతంగా వస్తుంది.

మెరుగుపరచడం

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నోట్‌బుక్‌లో ఆకు బరువు, మంట స్థాయి, గంటకు వచ్చిన నీరు, దాని వేడి, నూనె కొలత రాసుకోండి. వాసన గురించి కూడా ఒక వాక్యం రాయండి, నెల తర్వాత అదే ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది పాత్రకు, మూతకు మందపాటి దుప్పటి చుట్టడం. దూది దుప్పటి కాదు, వేడికి తట్టుకునే గ్లాస్ ఊల్ లేదా సెరామిక్ ఫైబర్. చల్లని గోడకు తగిలిన ఆవిరి లోపలే నీరై ఆకు మీద కారిపోతుంది. ఆకు నాని, ఉడికి, ఆ కంపు నూనెలోకి వస్తుంది. ఇంధనం కూడా వృథా. ఆవిరి ఇలా లోపలే చల్లబడి వెనక్కి జారడాన్ని ద్రావకాలు శుద్ధి చేసే పొడవాటి కాలమ్‌లలో కావాలనే చేస్తారు. అక్కడ అదే ప్రాణం. మనకు అది శత్రువు. పరికరాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని సలహా ఇంకోదానికి పనికిరానిది ఇందుకే.

రెండో మార్పు ఆకుకు వేరే గది. మరిగే పాత్ర మీద రంధ్రాల అడుగున్న స్టీలు గొట్టంలాంటి డబ్బా నిలబెట్టి, దానికి మూత పెట్టండి. నీళ్ళు ఎగిరి తగలవు, ఆకు ఎక్కువ పడుతుంది, మరిగే పాత్ర మొత్తం నీళ్ళకే మిగులుతుంది. డబ్బా ఎత్తు దాని వ్యాసానికి రెండు మూడు రెట్లు ఉంటే సరిపోతుంది. మరీ పొడవైతే అడుగు ఆకు బరువుకు అణగారిపోతుంది. దుప్పటి దీనికీ కావాలి.

నూనె తీసేశాక మిగిలిన సువాసన నీటిని మళ్ళీ మరిగే పాత్రలోకి పంపడం మూడోది. కొన్ని పదార్థాలు నీటిలో కరిగిపోయి నూనెలోకి రావు. గులాబీలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అలాంటిది, గులాబీ నీటికి ఆ తీపి వాసన దాని వల్లే. ఆ నీటిని తిరిగి మరిగిస్తే కరిగినదాంట్లో కొంత మళ్ళీ దక్కుతుంది. కానీ పూల నీరే మీకు కావాల్సిందైతే ఈ మార్పు జోలికి పోవద్దు.

చుట్ట బదులు తిన్నని గొట్టాల కండెన్సర్ కూడా మంచి మార్పే. చుట్ట లోపల బ్రష్ పోదు, తిన్నని గొట్టంలో పోతుంది. వట్టివేరు లాంటి జిగట నూనెలు తీసేవారికి ఇది చాలా ఉపయోగం.

కడగడం, దాచడం

మొక్క మార్చిన ప్రతిసారీ చల్లార్చే నీరు ఆపేసి, బకెట్ ఖాళీ చేసి, ఉత్త ఆవిరిని పది నిమిషాలు గొట్టం గుండా వదలండి. పట్టిన నూనె కరిగి బయటికి వస్తుంది. ఆ చివర దగ్గర ఎవరూ నిలబడకూడదు. రాగిలోంచి వచ్చే నీటికి నీలం లేదా ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే ఆ నీటిని వాడొద్దు. సిట్రిక్ యాసిడ్ నీళ్ళతో శుభ్రం చేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి.

అప్పుడే దిగిన నూనెలో ఉడుకు వాసన కొద్దిగా ఉండడం సహజం. సీసా మూతిని పలుచటి గుడ్డతో కప్పి ఒకటి రెండు రోజులు చల్లని చోట పెడితే చాలావరకు పోతుంది. తర్వాత అడుగున మిగిలిన నీటి బిందువులు తీసేసి, ముదురు రంగు గాజు సీసాలో మెడ దాకా నింపండి. పైన గాలి ఎక్కువుంటే నూనె ఆక్సిజన్ పట్టి చెడుతుంది, నిమ్మజాతి నూనెలైతే అలా చెడ్డాక చర్మానికి ఎలర్జీ తెస్తాయి. సీసాలను మరిగించి ఆరబెట్టి, పూల నీటిని వాటిలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. అందులో బూజు, బ్యాక్టీరియా పెరగకుండా ఆపేది ఏమీ లేదు కాబట్టి తీగల్లా, మబ్బులా ఏదైనా తేలుతుంటే పారబోయండి.

సీసా మీద మొక్క పేరు, తేదీ రాయండి. పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. యూకలిప్టస్ నూనె కొద్ది మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలకు ప్రాణాపాయం. ఏ తైలాన్నీ కొబ్బరినూనె లాంటి నూనెలో కలపకుండా చర్మానికి రాయొద్దు, నీళ్ళలో ఇవి కలవవు కాబట్టి నూనెలో కలపడమే సరైన పద్ధతి.